‘ఇఆర్’ చేరిన ప్రతి మాటా ‘చేసేవాడు’ కాదు

మీ ప్రశ్న సారం ఇది. ఇంగ్లీషు క్రియ చివర ‘ఇఆర్’ అనే రెండు అక్షరాలు చేరిస్తే ఆ పని చేసేవాడు అనే అర్థం వస్తుందని ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి బడిలో చెప్పారు. టీచ్ నుంచి టీచర్, సింగ్ నుంచి సింగర్. పాప ఇంటికి వచ్చి మిమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగింది. కుక్కర్ అంటే వంటవాడు కావాలి కదా, గిన్నె ఎలా అయింది? యాక్టర్, డాక్టర్ లాంటి మాటల చివర ‘ఓఆర్’ ఎందుకు? ఫాదర్ అంటే ‘ఫాద్’ చేసేవాడా? మూడోది విని నవ్వి ఊరుకున్నానని రాశారు. అది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదండీ. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఈ మూడింటినీ ఇంత చక్కటి వరుసలో అడిగిన పిల్లలను నేను ఎక్కువమందిని చూడలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట చిక్కు ఎక్కడుందో చూద్దాం. బడిలో చెప్పిన సూత్రం తప్పు కాదు, దాని తెలుగు అనువాదంలో లోపం ఉంది. ‘చేసేవాడు’ అనగానే మన మనసులో ఒక మగమనిషి నిలబడతాడు. తెలుగులో ‘వాడు’ అనే ముక్కకు లింగం ఉంది, ప్రాణం ఉంది. ఇంగ్లీషు ‘ఇఆర్’కు ఆ రెండూ లేవు. సింగర్ ఆడమనిషి కావచ్చు, మగమనిషి కావచ్చు. మిక్సర్ యంత్రం. పని ఒక్కటే అక్కడ ఖాయం. ఆ పనితో ముడిపడి గుర్తింపు పొందిన దేనికైనా ఆ పేరు పెట్టవచ్చు. నేను తరగతిలో ఇలా చెప్పేవాణ్ణి: ప్రత్యయం పీట వేస్తుంది, దాని మీద ఎవరు కూర్చోవాలో వాడుక నిర్ణయిస్తుంది.

కుక్కర్ సంగతి అదే. వంటవాడికి ఇంగ్లీషులో ‘కుక్’ అనే మాట పూర్వం నుంచీ ఉంది. క్రియా అదే, మనిషి పేరూ అదే. మనిషికి ఆసనం ముందే దొరికింది కాబట్టి, 19వ శతాబ్దంలో వంట పరికరాలకు పేరు కావలసి వచ్చినప్పుడు ‘కుక్కర్’ అనే పీట ఖాళీగా కనిపించింది. బ్రిటన్‌లో ఆ పీట మీద పొయ్యి కూర్చుంది. అక్కడ కుక్కర్ అంటే మంటా పొయ్యీ ఓవెనూ కలిసిన పరికరం. మన ఇళ్లలో అదే పీట మీద ప్రెషర్ కుక్కర్ కూర్చుంది. ఇంకో సంగతి. బ్రిటన్‌లో పచ్చిగా తినడానికి పనికిరాక వండుకోవడానికే వాడే పుల్లటి ఆపిల్ పండ్లను కూడా కుక్కర్లు అంటారు. అంటే వండేది కాదు, వండబడేది! ‘మా అమ్మ మంచి కుక్కర్’ అని పరీక్షలో రాసిన పిల్లల కాగితాలు ఎన్నో దిద్దాను. వాళ్లు సూత్రం తప్పలేదు. ఆ పీట మీద అప్పటికే వేరొకరు కూర్చున్నారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఈ అడ్డంకి చాలాచోట్ల కనిపిస్తుంది. దొంగకు థీఫ్ అనే మాట ఉంది కనుక ‘స్టీలర్’ నిలవలేదు. చదువుకునేవాళ్లకు స్టూడెంట్ ఉంది. టైపు చేసేవారు టైపిస్ట్. జేబులు కత్తిరించేవాణ్ణి మనవాళ్లు ‘పిక్‌పాకెటర్’ అంటుంటారు, కానీ పిక్‌పాకెట్ అంటేనే మనిషి. గైడ్ కూడా అంతే, ‘గైడర్’ అనవలసిన పని లేదు.

మనిషి నుంచి యంత్రానికి పీట మారిన కథలు ఇంకా బాగుంటాయి. ప్రింటర్ అంటే ఒకప్పుడు అచ్చు వేసే మనిషి. ఇప్పుడు బల్ల మీది యంత్రం కూడా. టైప్‌రైటర్ వచ్చిన కొత్తలో యంత్రాన్నీ, దాని ముందు కూర్చుని పనిచేసే ఉద్యోగినినీ ఒకే మాటతో పిలిచారు. అన్నిటికంటే పెద్ద ఉదాహరణ కంప్యూటర్. 17వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మధ్య వరకు ఆ మాటకు లెక్కలు కట్టే మనిషి అనే అర్థం. మన దేశంలో జరిగిన మహా త్రికోణమితి సర్వేలో, తర్వాత ఎవరెస్టు అని పేరు పొందిన శిఖరం ఎత్తును 1852 ప్రాంతంలో గణించిన రాధానాథ్ సిక్దార్ ఉద్యోగం పేరు కంప్యూటరే. అమెరికాలో అంతరిక్ష యాత్రలకు చేతితో లెక్కలు కట్టిన కాథరిన్ జాన్సన్ లాంటి మహిళలను కూడా అలాగే పిలిచారు. యంత్రం వచ్చాక మనుషులు ఆ పీట మీద నుంచి లేచారు. మాట మాత్రం అక్కడే ఉంది.

రబ్బరు కూడా ఈ కోవలోదే. రబ్ అంటే రుద్దడం. ఆ జిగురు పదార్థం పెన్సిల్ గీతలను చెరిపేస్తుందని 1770లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త రాశాడు. రుద్దే వస్తువు గనుక రబ్బర్ అయింది. ఆ తర్వాత చెరిపే ముక్క పేరు చెట్టుకూ, తోటకూ, చెప్పులకూ పాకింది.

ఒకే మాట మీద ఇద్దరు కూర్చోవడమూ ఉంది. డ్రాయర్ అంటే బల్లకుండే సొరుగు, అంటే బయటికి లాగబడేది. అదే మాట చెక్కు విషయంలో చెక్కు రాసి ఇచ్చిన మనిషి. మన దేశంలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెక్కు రాసినవారిని డ్రాయర్ అనీ, చెల్లించమని ఆదేశం అందుకున్న బ్యాంకును డ్రాయీ అనీ, సొమ్ము అందుకోవలసినవారిని పేయీ అనీ పిలుస్తుంది. ఈ ‘ఈ’ అనే ప్రత్యయం ‘ఇఆర్’కు ఎదురుగా కూర్చునే జోడీ. ఎంప్లాయర్ పని ఇచ్చేవారు, ఎంప్లాయీ పనిలో ఉన్నవారు. ట్రైనర్ నేర్పేవారు, ట్రైనీ నేర్చుకునేవారు. ఇక్కడ మన వాడుక గురించి ఒక మాట. సభకు హాజరైనవారిని ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా అటెండీ అంటారు. మన కార్యాలయాల్లో అటెండరు అంటే ఫైళ్లు మోసే, గంట కొడితే లోపలికి వచ్చే ఉద్యోగి. మన అటెండరు, కాంపౌండరు, లారీ క్లీనరు, హోటల్ బేరరు అందరూ ఈ ప్రత్యయంతో ఏర్పడినవాళ్లే. మందులు కలిపి ఇచ్చేవారు గనుక కాంపౌండరు. ఈ మాటలను ‘తప్పు ఇంగ్లీషు’ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఏ ఊళ్లో ఏ పని ఉందో ఆ ఊరి వాడుకే పీటను పంచుతుంది. ఐటీఐలో చేరే పిల్లవాడికి ఫిట్టరు, టర్నరు, వెల్డరు అనేవి వ్యాకరణం కాదు, జీవనోపాధి.

క్రియకే కాక నామవాచకానికి చేరే ‘ఇఆర్’ కూడా ఉంది. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే మొదటిది కృత్తు, రెండోది తద్ధితం. లండన్‌లో ఉండేవారు లండనర్, పల్లెలో ఉండేవారు విలేజర్, దీవిలో ఉండేవారు ఐలాండర్. అయితే ఇది అన్ని ఊళ్లకూ అతకదు. హైదరాబాదుకు మన ‘ఈ’కారం చేరి హైదరాబాదీ అయింది. సంఖ్యలూ కొలతలూ చేరినప్పుడు టూవీలర్, డబుల్ డెక్కర్, టీనేజర్ వస్తాయి. పోలీసు భాషలోని హిస్టరీ షీటర్ మన దేశపు ఇంగ్లీషు సొంతంగా కల్పించుకున్న మాట. హాంబర్గర్ కథ పిల్లలకు తప్పక చెప్పాలి. అది జర్మనీలోని హాంబర్గ్ నగరం పేరుకు ‘ఇఆర్’ చేరి వచ్చింది. వినేవాళ్లు దాన్ని హామ్, బర్గర్ అని విరిచారు. హామ్ అంటే పంది మాంసం అనే అర్థం ముందే ఉండటంతో ‘బర్గర్’ విడి మాటైపోయి చీజ్‌బర్గర్, వెజ్‌బర్గర్ పుట్టాయి. తప్పుగా విరిచిన చోట కొత్త మాట మొలిచింది.

ఈ ప్రత్యయం వయసు గురించి క్లుప్తంగా చెబుతాను. పాత ఇంగ్లీషులో ఇది ‘ఎరె’ అనే రూపంలో ఉండేది. లాటిన్ ‘ఆరియుస్’ నుంచి ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషలు చాలా పూర్వమే తీసుకున్నాయని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఆ రోజుల్లో ఆడవారికి విడిగా ‘ఎస్త్రె’ అనే ప్రత్యయం ఉండేది. నూలు వడికే స్త్రీ స్పిన్‌స్టర్, నేసే స్త్రీ వెబ్‌స్టర్, రొట్టె కాల్చే స్త్రీ బాక్‌స్టర్. తర్వాత ఆ తేడా చెరిగిపోయింది. వెబ్‌స్టర్, బాక్‌స్టర్ ఇంటిపేర్లయ్యాయి. స్పిన్‌స్టర్ పెళ్లికాని స్త్రీ అయింది. ఇంగ్లీషు పోగొట్టుకున్న ఆ తేడాను మన వాడుక మళ్లీ తెచ్చుకుంది. టీచరమ్మ, డాక్టరమ్మ అనడం అందుకే మనకు అంత సహజంగా వస్తుంది. ఈ మధ్య ఇంగ్లీషు ఇంకో వైపు నడిచింది. క్రికెట్ నియమాలను నిర్వహించే ఎంసీసీ 2021లో ‘బ్యాట్స్‌మన్’ బదులు ‘బ్యాటర్’ అని మార్చింది. బౌలర్‌కు, ఫీల్డర్‌కు లేని మగ గుర్తు బ్యాట్ పట్టినవారికి మాత్రం ఎందుకు? ఆ మార్పు నాకు నచ్చింది.

ఇప్పుడు రెండో ప్రశ్న. ‘ఓఆర్’ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడి అసలు రూపం ‘తోర్’. ఇది మనకు కొత్త కాదు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ‘ణ్వుల్తృచౌ’ అనే సూత్రంలో పని చేసేవారిని చెప్పే రెండు ప్రత్యయాలను విధించాడు. ణ్వుల్ వల్ల గాయక, పాఠక, నాయక శబ్దాలు వస్తాయి. తృచ్ వల్ల కర్తృ, దాతృ, నేతృ శబ్దాలు వస్తాయి. అవే తెలుగులో కర్త, దాత, నేత. రచయిత కూడా అక్కడిదే. ఈ సంస్కృత ‘తృ’, లాటిన్ ‘తోర్’ ఒకే తల్లి బిడ్డలు. కన్నవాణ్ణి సంస్కృతంలో ‘జనితృ’ అంటే, లాటిన్‌లో ‘గెనితోర్’ అన్నారు. కాబట్టి యాక్టర్ చివర ఉన్న ‘టర్’కు మన దాత చివరి ‘త’ దాయాది. డాక్టర్ అంటే లాటిన్‌లో బోధించేవారు. వైద్యం చేసేవారికి ఆ పేరు తర్వాత స్థిరపడింది. పరిశోధన పూర్తిచేసినవారిని డాక్టర్ అనడంలో పాత అర్థమే మిగిలి ఉంది.

రాతలో ఏది ఎక్కడ అనే దానికి పూర్తి సూత్రం లేదు, కానీ ఉపయోగపడే గుర్తులు ఉన్నాయి. క్రియ చివర ‘ఏట్’ వినిపిస్తే దాదాపు ఎప్పుడూ ‘ఓఆర్’. క్రియేటర్, ఆపరేటర్, జనరేటర్ అలాంటివి. ‘క్ట్’ వినిపిస్తే కూడా అంతే. డైరెక్టర్, కండక్టర్, ఇన్‌స్పెక్టర్, కలెక్టర్. శిస్తు వసూలు చేసేవారు గనుక కలెక్టర్. వారన్ హేస్టింగ్స్ కాలంలో 1772లో ఆ పదవి ఏర్పడింది. పని ఎంత మారినా పేరు మారలేదు. ఎడిటర్, ఆడిటర్, విజిటర్ కూడా ఈ వర్గమే. ఇంగ్లీషు నేల మీద పుట్టిన చిన్న చిన్న క్రియలకు మాత్రం ‘ఇఆర్’. రీడర్, రైటర్, డ్రైవర్, సింగర్ వీటిలో ‘ఓఆర్’ కలలో కూడా రాయకూడదు. సెయిలర్ మాత్రం సొంత మాటే అయినా ‘ఓఆర్’ పెట్టుకుంది. అడ్వైజర్, కన్వీనర్ రెండు విధాలా రాస్తారు. అబద్ధాలకోరు లయర్‌కూ, ముష్టి ఎత్తేవారి పేరు బెగ్గర్‌కూ ‘ఎఆర్’. ఈ రెండింటినీ కంఠస్థం చేయించండి, వేరే దారి లేదు.

ఒక రైతు ఇంటి వాకిట్లో ఈ తేడా అంతా చూడవచ్చు. ట్రాక్టరు, మోటారు, జనరేటరు ‘ఓఆర్’తో రాస్తారు. స్ప్రేయరు, స్టార్టరు, హార్వెస్టరు ‘ఇఆర్’తో రాస్తారు. తెలుగులో అన్నీ ‘రు’తో ముగిసి ఒకటైపోతాయి. చెవికి తేడా వినపడదు కాబట్టే రాతలో తడబాటు. ఇంగ్లీషు పిల్లలకూ ఆ తేడా చెవికి వినపడదు. వాళ్లూ ఇక్కడే తప్పులు రాస్తారు. మీ పాపను తిట్టకండి.

వర్ణక్రమం గురించి రెండు ముక్కలు. రన్, స్విమ్ లాంటి పొట్టి క్రియలకు చివరి అక్షరం రెట్టించి ప్రత్యయం చేర్చాలి. రైట్ లాంటి వాటికి చివర ‘ఇ’ ముందే ఉంది గనుక ‘ఆర్’ చాలు. ట్రావెలర్‌కు బ్రిటిష్ రాతలో రెండు ‘ఎల్’లు, అమెరికాలో ఒకటి. సెంటర్, థియేటర్ మాటల్ని బ్రిటన్‌లో ‘ఆర్ఇ’తో, అమెరికాలో ‘ఇఆర్’తో రాస్తారు. ఆ అమెరికా రాతను తన 1828 నిఘంటువుతో బలపరిచిన నోవా వెబ్‌స్టర్ ఇంటిపేరు, పైన చెప్పిన నేత పనివారి పేరే. ఈ సెంటర్, మీటర్ లాంటి వాటికి చేసేవారితో సంబంధం లేదు. అవి గ్రీకు నుంచి వచ్చిన నామవాచకాలు.

పాప వచ్చే ఏడాది అడగబోయే ప్రశ్నకూ ఇప్పుడే జవాబు చెబుతాను. బిగ్గర్, టాలర్ లాంటి మాటల్లోని ‘ఇఆర్’ వేరే ప్రత్యయం. రాతలో కవలలా కనిపిస్తుంది కానీ పుట్టుక వేరు. ఇది రెండింటిలో ఒకటి ఎక్కువ అని చెబుతుంది. తెలుగులో మనం ‘కంటే’ అనే మాటతో సరిపెట్టుకుంటాం, విశేషణం మారదు. అందుకే పిల్లలు బెటర్‌కు ముందు మళ్లీ ‘మోర్’ పెడతారు. బెటర్ లోపల ‘మోర్’ అప్పటికే ఉందని వాళ్లకు కనిపించదు. సంస్కృతంలో ఇలాంటి ప్రత్యయమే ఉంది. ‘ఈయస్’ అని, కొన్నిచోట్ల ‘యస్’ అని కనిపిస్తుంది. గురువు, అంటే బరువైనది, దానికంటే బరువైనది గరీయసి. ‘స్వర్గాదపి గరీయసి’ అన్నప్పుడు స్వర్గం కంటే గొప్పది అనే పోలిక ఆ ప్రత్యయంలోనే ఉంది. ప్రియమైన దానికంటే ప్రియమైనది ప్రేయసి. శ్రేయస్సు అంటే మొదటి అర్థం ‘మరింత మేలు’. ఈ ‘యస్’కూ, ఇంగ్లీషు పోలిక ‘ఇఆర్’కూ, లాటిన్ ‘ఇయోర్’కూ మూలం ఒకటే. సీనియర్, జూనియర్, సుపీరియర్ ఆ లాటిన్ రూపాలు. అవి లాటిన్ నుంచి వచ్చినవి కనుకే వాటి తర్వాత ‘దాన్’ రాదు, ‘టు’ వస్తుంది. మనవాళ్లు ఆ అలవాటును ఎల్డర్‌కు కూడా అంటగట్టి ‘ఎల్డర్ టు మీ’ అంటారు. అక్కడ ‘ఓల్డర్ దాన్ మీ’ అనాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ‘ఇఆర్’ మరొకటి ఉంది. బడి పుస్తకాలు దాన్ని ఎందుకో పట్టించుకోవు. గ్లిటర్, ఫ్లికర్, ఫ్లటర్, చాటర్, ట్విటర్ ఇవన్నీ క్రియలు. ఇక్కడ ‘ఇఆర్’ అర్థం మళ్లీ మళ్లీ, చిన్న చిన్నగా జరగడం. దీపం మిణుకుమిణుకుమంటే ఫ్లికర్. రెక్కలు టపటపలాడితే ఫ్లటర్. పిట్టలు కిచకిచలాడితే ట్విటర్. ఇంగ్లీషు చివరి తోక ఒక్కదానితో చెప్పినదాన్ని మనం మాటనే రెండుసార్లు పలికి చెబుతాం. అనువాదం చేసేవారు ఇక్కడ మన జంటపదాలు వాడితే వాక్యానికి ప్రాణం వస్తుంది.

ఫ్రెంచి నుంచి వచ్చిన ‘ఇఆర్’ కూడా ఒకటుంది, త్వరగా చెప్పి వదిలేస్తాను. డిన్నర్, సప్పర్, వోచర్, వెయివర్ చివర ఉన్నది నార్మన్ ఫ్రెంచిలో ‘చేయడం’ అని చెప్పే క్రియారూపం. అందుకే వెయివర్ అంటే మాఫీ చేసేవారు కాదు, మాఫీ. పాసింజర్, మెసెంజర్ కూడా ఫ్రెంచివే. మధ్యలోని ‘ఎన్’ అక్షరం ఇంగ్లీషులోకి వచ్చాక దూరింది.

ఇక ఫాదర్. ‘ఫాద్’ అనే క్రియ లేదు. ఏ మాటలోనైనా చివరి ‘ఇఆర్’ తీసేస్తే మిగిలింది ఇంగ్లీషులో ఒక మాట అవుతుందా అని పాపను చూడమనండి. టీచ్ మాట, విలేజ్ మాట. ‘ఫాద్’, ‘ఫింగ్’ మాటలు కావు. కాబట్టి ఫాదర్, ఫింగర్ చివరిది ప్రత్యయం కాదు, మాటలోనే భాగం. అయినా ఫాదర్ విషయంలో పాప అనుమానం పూర్తిగా వృథా కాదు. ఫాదర్, మదర్, బ్రదర్, డాటర్ అన్నీ ఒకే ముగింపుతో ఉన్నాయని గమనించిందో లేదో అడగండి. అది చుట్టరికాలకు ఇండో యూరోపియన్ భాషలు, అంటే సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు ఉన్న కుటుంబంలోని భాషలు చాలా వాడుకున్న పాత ముగింపు. సంస్కృతంలో పితృ, మాతృ, భ్రాతృ, దుహితృ అదే వరుసలో ఉంటాయి. మన పితృభక్తిలో ఉన్న ‘తృ’ ఫాదర్ చివర ఇప్పటికీ వినిపిస్తోంది. ‘మరి కూతురు చివర కూడా తురు ఉంది కదా’ అని పాప తప్పక అడుగుతుంది. అది వేరే కుటుంబం. కూతురు మన ద్రావిడ భాషల సొంత మాట, డాటర్‌తో దానికి చుట్టరికం లేదు.